తూము ముందరి వల

"వలలు మీరే కోశారా, మామయ్యా?"

తూము మామయ్య ముందు టీ సంగతి చూశాడు. స్టవ్ మీది గిన్నె దించి, టీ వడగట్టి, నాలుగు గ్లాసుల్లో పోశాడు. నాలుగో దాంట్లో సగమే పడింది. నిండుగా ఉన్న మూడింటినీ ఎదుటివాళ్ళ వైపు జరిపి, సగం గ్లాసు తన ముందు పెట్టుకున్నాడు.

"నేనేనని ఎస్సైగారు అంటున్నారు కదమ్మా. చదువుకున్నవారు, ఊరికే అంటారా."

"నేనడిగింది ఆయన్ని కాదు, మిమ్మల్ని."

"మీరడిగితే మాత్రం నా నోట్లోంచి కొత్త సంగతులేం రాలతాయి. టీ తాగండి, చల్లారిపోతుంది."

వదినగారు గ్లాసు అందుకుంది. డిటెక్టివ్ పనిలో ఆమె చాలామంది ముద్దాయిల్ని చూసింది. తనను పట్టుకెళ్ళడానికి వచ్చిన పోలీసుకు నిండు గ్లాసు ఇచ్చి, తను సగంతో సరిపెట్టుకున్నవాడు ఇతనొక్కడే. అది సాక్ష్యం కాదు. అయినా మనిషి ఆమెకు నచ్చాడు. విచారణ పూర్తికాకుండానే నచ్చినందుకు తనను తాను కోప్పడింది.

నిజానికి ఆమెను వదినా అని పిలవాల్సినవాడు ఎస్సై ఒక్కడే, ఆయన ఆమె భర్త తమ్ముడు. ఆయన నోట విని స్టేషన్లోవాళ్ళు, వాళ్ళను చూసి ఊళ్ళవాళ్ళు, ఇప్పుడు అందరూ వదినగారనే అంటున్నారు. ఈ కేసులోకి ఆమెను పిలిచింది మాత్రం మామయ్య కూతురు.

కేసు చిన్నదే. జలాశయమూ చిన్నదే, ఈ గట్టున కేకేస్తే ఆ గట్టున పలుకుతారు. పై గట్టున చేపలవాళ్ళ వాడ ఉంది. కట్టకు కింద పొలాలవాళ్ళ పల్లె. మధ్యలో కట్ట మీద ఈ ఒంటి గది, అందులో తూము తెరిచి మూసే ఉద్యోగంలో మామయ్య. ఈ వారంలో మూడుసార్లు, తూము ముందు వేసిన వలలు తెల్లారేసరికి ముక్కలై గట్టుకు కొట్టుకొచ్చాయి. చేపలవాళ్ళు ఫిర్యాదు ఇచ్చారు. ఫిర్యాదు కింద మొదటి సంతకం మామయ్య సొంత అల్లుడిది.

"మా అత్తింటివాళ్ళు మా పుట్టింటి మీద కేసు పెట్టారు. నేను ఏ ఇంట్లో కూర్చుని ఏడవాలో అదైనా చెప్పండి వదినగారూ," అంది గుమ్మంలో నిలబడ్డ కూతురు. ఆమె చంకలో ఏడాది పిల్ల తాతయ్య వైపు రెండు చేతులూ చాచి కొట్టుకుంటోంది. మామయ్య పిల్లను చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నాడు.

ఎస్సై గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. "వదినా, మీకు సాయంత్రం దాకా టైమిచ్చాను. నాలుగింటికి ఈయన్ని టౌనుకి తీసుకెళ్ళిపోతాను. ఈయన మీద ఉన్నవి మూడు సాక్ష్యాలు, వినండి. తూము ముందు వల వేస్తే కోసి పారేస్తానని ఈయన నలుగురి ముందు అన్నాడు."

"అన్నాను," అన్నాడు మామయ్య. "వల కొట్టుకొచ్చి తూము ఊచలకు చుట్టుకుంటే తీయలేక చస్తున్నాను. ఏడాదికి పదిసార్లు అంటాను ఆ మాట."

"ఈయన కత్తి చేపలవాళ్ళ పడవలో దొరికింది."

"ఆ కత్తి నేను అడిగి తీసుకెళ్ళాను, చేపలు కొయ్యడానికి," అంది కూతురు. "ఎస్సైగారికి చెప్పాను. రాసుకోలేదు."

"తండ్రి కోసం కూతురు చెప్పే మాట కోర్టులో నిలవదమ్మా. ఇక మూడోది. తెల్లారగట్ల కట్ట మీద తిరిగే మనిషి ఈయన తప్ప ఇంకొకరు లేరు."

వదినగారు మామయ్య వైపు తిరిగింది. "ఆ వేళప్పుడు కట్ట మీద నడుస్తూ ఎవర్ని చూశారు?"

మామయ్య చూపు కూతురి మీదికి వెళ్ళి, వెనక్కి వచ్చింది. "కొంగల్ని చూశాను. నీటికాకులు కూడా ఉన్నాయి."

"మనుషుల్ని?"

"మనుషుల్ని చూసే కళ్ళు కావమ్మా ఇవి. పాతబడిపోయాయి."

మంచంకోడు మీద వేలాడుతున్న చిన్న చొక్కాకు వీళ్ళు వచ్చేముందు ఆయన సూదికి దారం ఎక్కించి కుడుతున్న బొత్తం సగంలో ఆగి ఉంది. పాతబడ్డ కళ్ళకి సూది బెజ్జం కనిపించింది గానీ కట్ట మీద మనిషి కనిపించలేదన్నమాట. వదినగారు ఆ మాట పైకి అనలేదు. ఈయన ఎవరినో చూశాడు, ఎవరో చెప్పడు, చెప్పకపోవడానికి కారణం ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది. అంతవరకు అర్థమైంది.

"మరిదీ, నువ్వు ఆ వలల్ని చేత్తో పట్టుకుని చూశావా?"

"కుప్పగా పడేసి ఉన్నాయి. చూశాను."

"పట్టుకున్నావా అని అడిగాను."

"కంపు కొడుతున్నాయి వదినా. తెగినవి తెగినట్టే కనిపిస్తున్నాయి, ఇంక పట్టుకునేదేముంది?"

"చిన్నప్పుడు కూరలో చెయ్యి పెట్టకుండానే ఉప్పు తక్కువైందనేవాడివట. మీ అన్నయ్య చెప్పేవారు," అని వదినగారు లేచింది. మామయ్య నవ్వబోయి, తను ముద్దాయి అన్న సంగతి గుర్తొచ్చి ఆపుకున్నాడు.

*

చేపలవాడలో వలలన్నీ ఒక ఇంటి వెనక పాకలో ఆరేసి ఉంటాయి. అది మామయ్య వియ్యపురాలి ఇల్లు. వాడలో చిరిగిన ప్రతి వలా ఆమె చేతికే రావాలి కాబట్టి ఆమెను అందరూ వలలత్త అంటారు. వదినగారు వెళ్ళేసరికి ఆమె ఎత్తుపీట మీద కూర్చుని, ఒడిలో వల పరుచుకుని, వెదురు సూదితో చిరిగిన గళ్ళను కన్ను తర్వాత కన్నుగా అల్లుతోంది.

"రామ్మా. మా కోడలు పిలిపించిన ఆవిడవేనా? పీటలు ఇంకేం లేవు, ఆ బుట్ట బోర్లించుకుని కూర్చో."

వదినగారు కూర్చోలేదు. కర్రకు వేలాడుతున్న మూడు వలల దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటే వెలుతురులోకి లాగింది. ఒక్కో వలా ఐదారు ముక్కలు కలిపి కుట్టింది. పైన నీటి మీద తేల్చే బెండ్ల తాడు, కింద ముంచే సీసం గుళ్ళ తాడు. వాడవాళ్ళు చెప్పినట్టు ముక్కలుగానే ఉన్నాయి. అంచు పట్టుకుని వేళ్ళతో తడుముతూ ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చింది. మళ్ళీ తిరిగి వెళ్ళింది.

ఒక్క కన్ను కూడా తెగలేదు.

ముక్కకీ ముక్కకీ కలిపిన కుట్టు మాత్రమే పోయింది. ఆ కుట్టు దారం ఎక్కడా లేదు, కనీసం తెగిన పోగులైనా అంచుకు వేలాడటం లేదు. వదినగారు కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కడ వరసగా దారం కండెలు ఉన్నాయి. అన్నీ తెల్లటివి. చివరిదాని మీద చుట్టిన దారం మాత్రం పాచిరంగుకు తిరిగి ఉంది. ఆమె కొస లాగి వదిలింది. అది నిటారుగా నిలవకుండా వంకీలు వంకీలుగా ముడుచుకుంది.

"మా ఇంటికొచ్చి నా దారాలు లాగుతున్నావేంటమ్మా?" అంది వలలత్త, సూది ఆపకుండానే.

"నేను బట్టలు కుడతాను అత్తా. కుట్టు ఊడదీస్తే దారం ఇలాగే వంకీలు పోతుంది. కత్తితో కోస్తే తిన్నగా ఉంటుంది, ముక్కలు ముక్కలుగా."

"అయితే?"

"ఈ వలల్ని ఎవరూ కొయ్యలేదు. విప్పారు. కత్తితో అయితే క్షణంలో పనైపోయేది. ఈ మనిషి పడవలో కూర్చుని, మసకలో తడుముకుంటూ, ముడి తర్వాత ముడి విప్పింది. విప్పిన దారం నీళ్ళలో పారెయ్యడానికి కూడా మనసొప్పలేదు. కండెకి చుట్టి ఇంటికి తెచ్చుకుంది."

సూది ఆగింది.

"వలని కొయ్యడానికి ఈ మనిషికి చెయ్యి రాలేదు అత్తా."

"ఎలా వస్తుంది?" వలలత్త తల ఎత్తలేదు. "ప్రతి కన్నూ ఈ చేత్తో వేసిందే. కత్తి పట్టుకెళ్ళాను మొదటి రోజు. కోడలి కత్తే. పడవలో పక్కన పెట్టుకున్నాను. అది తీసి వల మీద పెట్టాను గానీ నొక్కలేకపోయాను. మళ్ళీ పక్కన పెట్టేశాను. ఆ పాపిష్టి కత్తి పడవలో మర్చిపోయానని పోలీసులు పట్టుకున్నాకగానీ తెలీలేదు."

"ఎందుకు విప్పారు?"

"ఎవరికీ చెప్పనంటేనే చెబుతాను."

"అలా మాటివ్వలేను. మీ వియ్యంకుణ్ణి నాలుగింటికి తీసుకెళ్ళిపోతారు. వెళ్తే ఉద్యోగం పోతుంది, కట్ట మీది గది పోతుంది. అప్పుడు మీ కోడలు మీ ముఖం చూస్తుందా?"

వలలత్త ఒడిలోని వలను నెమ్మదిగా మడిచింది. "ఆయన కోసమే చేశానమ్మా," అంది.

చెప్పడం మొదలుపెట్టాక మాట ఆగలేదు. పోయినవారం కొడుకుతో పాటు పడవలో వెళ్ళింది. వల వేసి వస్తూ వెనక్కి చూస్తే, బెండ్లన్నీ వరస తప్పి కట్ట వైపు జరుగుతున్నాయి. గాలి లేదు. ఆకు కదలడం లేదు. తూము తెరిస్తే తప్ప నీళ్ళు అలా లాగవు. పైవాళ్ళ ఆర్డరు లేకుండా తూము తెరవకూడదు, ఆ ఆర్డరు ఇంకా రాలేదు. కింద పల్లెలో మొక్కలు వాడిపోతున్నాయని అందరికీ తెలుసు.

"ఆయన మనసు నాకు తెలీదా? మా ఇంటికొచ్చినా తాగగా మిగిలిన నీళ్ళు కుండీలో పోసిగానీ గ్లాసు కింద పెట్టడు. చూడలేక దొంగచాటుగా కాస్త తెరిచుంటాడు, అనుకున్నాను. మావాళ్ళు తెల్లారి వల తీయడానికి వెళ్తే ఆ లాగుడు చేతికి తెలిసిపోతుంది. ఒకడికి తెలిస్తే వాడ మొత్తానికి తెలుస్తుంది. అందుకని వాళ్ళకంటే ముందే వెళ్ళి విప్పేశాను. రెండుమూడు సార్లు ఇలా అయితే అక్కడ వల వెయ్యడం మానేస్తారనుకున్నాను. పోలీసుల దగ్గరికి పోతారని కలగన్నానా? సంతకం పెట్టినవాడు నా కొడుకే. ఇప్పుడు నేను నోరు విప్పితే ఆయన తూము తెరిచిన సంగతి బయటికొస్తుంది. విప్పకపోతే వలల కేసులో జైలుకి పోతాడు. ఎటు లాగినా ముడి మా కోడలి మెడకే బిగుస్తోంది."

వదినగారు ఇప్పుడు బుట్ట బోర్లించుకుని కూర్చుంది. ఆమె వలలత్త చేతుల్ని చూసింది. వేళ్ళ మీద తాడు కోసిన పాత గీతలున్నాయి. ఈ చేతులు చేసిన నేరాన్ని ఏ సెక్షను కింద రాస్తారో ఆమెకు తెలియలేదు.

"లేవండి అత్తా. ఈ మాటలు ఆయన ముందే చెబుదురుగాని."

*

వాళ్ళు కట్ట మీదికి వచ్చేసరికి కానిస్టేబులు జీపు ఇంజను ఆన్ చేసి ఉంచాడు. మామయ్య వెనక సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికి బయల్దేరినవాడిలా ఒద్దికగా కూర్చున్నాడు. కూతురు కనిపించలేదు. జామీనుకు మనుషుల్ని తేవడానికి, పిల్లనెత్తుకుని కింద పల్లెలోని చిన్నాన్న ఇంటికి వెళ్ళిందట.

"అన్నయ్యగారూ, దిగండి," అంది వలలత్త.

వియ్యపురాలిని చూడగానే మామయ్య కంగారుపడ్డాడు. "మీరెందుకొచ్చారు చెల్లెమ్మా, ఈ ఎండలో? ఎస్సైగారూ, బండి పోనివ్వండి. నేనే కోశాను. రాసుకోండి, నేనే."

"అబద్ధం. విప్పింది నేను."

"ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదండీ. ఏదో మాట్లాడుతుంటుంది."

"నా ఒంటికేమైంది? మీకే మతిపోయింది. చెయ్యని పని నెత్తినేసుకుని జీపెక్కి కూర్చున్నారు."

ఎస్సై ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పొద్దుట్నించీ ఒక్కళ్ళూ ఒప్పుకోలేదు. ఇప్పుడేమో పోటీపడుతున్నారు. నేనెవర్ని తీసుకెళ్ళాలి వదినా?"

"తొందరేముంది, జీపులో చోటుందిగా," అంది వదినగారు. "మామయ్యా, కొంగలతో పాటు మీరు చూసింది ఈవిడనే కదూ?"

మామయ్య సంచి తాడు వేలికి చుట్టుకున్నాడు. "మొదటి రోజే చూశాను. పడవలో ఒక్కతే కూర్చుని ఉంది. ఇంట్లో ఎవరి మీదో కోపమొచ్చి ఉంటుంది, అది తగ్గితే ఆవిడే మానేస్తుంది అనుకున్నాను. మా పిల్ల ఉన్న ఇంటికి పెద్దదిక్కు ఆవిడ. ఆవిడ్ని నేను పోలీసులకి పట్టిస్తే, రేపు ఆ ఇంట్లో నా కూతురు ఏ ముఖంతో తిరుగుతుందండీ?"

"నాకు కోపమా?" వలలత్త జీపు అంచు పట్టుకుంది. "మీరు దొంగచాటుగా తూము తెరిచారని దాచిపెట్టాను అన్నయ్యగారూ."

"నేనా? తూమా?"

ఎస్సై ముఖం వెలిగింది. "ఇదీ అసలు కేసు. వలలు పోతే పోయాయి. ఆర్డరు లేకుండా నీళ్ళు వదలడం చిన్న నేరం కాదు. ఇంతసేపూ నన్ను వలల చుట్టూ తిప్పారు కదా వదినా."

"తిరిగింది నువ్వు, తిప్పింది నేను కాదు. దిగు, ఆ నేరమూ చూసొద్దాం."

నలుగురూ కట్ట దిగి తూము కాలవ మొదటికి వెళ్ళారు. కాలవ అడుగున బురద ఎండి, పగుళ్ళిచ్చి, అంచులు పైకి లేచి ఉంది. నీళ్ళు బయటికి రావాల్సిన రంధ్రానికి అడ్డంగా సాలీడు గూడు కట్టింది. గూట్లో ఎప్పుడో చిక్కి ఎండిపోయిన తూనీగ రెక్క ఉంది.

"చుక్క నీళ్ళు పారినా ఈ గూడు ఉండేదా?" అంది వదినగారు.

"నాట్లకని తెరిచాను, మళ్ళీ ముట్టుకోలేదు," అన్నాడు మామయ్య.

"అయితే ఈవిడ అబద్ధమాడుతోందన్నమాట," అన్నాడు ఎస్సై.

"నా కళ్ళారా చూశాను బాబూ. ఒక్కసారి కాదు. బెండ్లు కట్ట వైపే పోయాయి."

ఎస్సై నవ్వాడు. "ఒకరేమో నీళ్ళు పోయాయంటారు, ఒకరేమో వదల్లేదంటారు. ఎవరిది నిజం వదినా? తేల్చండి, అందుకేగా వచ్చారు."

వదినగారు నవ్వలేదు. "ఇద్దరిదీ నిజమే మరిదీ. అదే నాకు భయంగా ఉంది."

ఆమె వెనక్కి తిరిగి వేగంగా కట్ట ఎక్కింది. తూము దిమ్మె మీదికి వెళ్ళే చిన్న వంతెన మీద నిలబడి, వలలత్త సాక్ష్యానికని భుజాన వేసుకొచ్చిన వల ముక్క నుంచి ఒక ఎర్ర బెండు ఊడదీసి నీళ్ళలోకి విసిరింది. బెండు కాసేపు ఊరికే తేలింది. తర్వాత, ఎవరో పిలిచినట్టు, కదిలింది. తూము వైపు వెళ్ళలేదు. దిమ్మెను దాటి, అవతల కట్ట రాళ్ళ దగ్గర గుర్రపుడెక్క దట్టంగా పేరుకున్న చోటికి వెళ్ళింది. ఆ ఆకుల మధ్య ఒకసారి చుట్టు తిరిగింది. రెండోసారి ఇంకా చిన్న చుట్టు తిరిగింది.

మునిగిపోయింది. మళ్ళీ పైకి రాలేదు.

"బెండు మునగదే," అంది వలలత్త.

మామయ్య వంతెన ఊచ పట్టుకున్నాడు. ఆకుల వైపు వంగి చూశాడు. "బుంగ," అన్నాడు. "కట్టకి బుంగ పడింది."

కట్ట వెనక వాలు మొత్తం పొదలు. మామయ్య ముందు, మిగిలినవాళ్ళు వెనక, ముళ్ళు గీరుకుంటున్నా ఆగకుండా దిగారు. కట్ట అడుగున ఒకచోట గడ్డి పడుకుని ఉంది. దాని కింద నీళ్ళు గుడగుడమని ఉబుకుతూ, పక్కనున్న గుంటలోకి జారుకుంటున్నాయి. పల్లె వైపు వెళ్ళే దారి అక్కణ్ణుంచి కనిపిస్తోంది. దారి చివర ఇళ్ళ కప్పులు, ఒక కప్పు మీద ఆరేసిన దుప్పటి కూడా కనిపిస్తున్నాయి.

"ఊట ఉంటుందిగా ఏ కట్టకైనా," అన్నాడు ఎస్సై. ఆయన గొంతులో ఇందాకటి ధీమా లేదు.

"ఉంటుందయ్యా. తేటగా ఉంటుంది." మామయ్య దోసిట్లోకి నీళ్ళు తీసుకుని చూపించాడు. టీ కంటే చిక్కగా ఉన్నాయి. "ఇది కట్ట లోపలి మట్టి. నీళ్ళు దాన్ని కొంచెం కొంచెం తినుకుంటూ వస్తున్నాయి."

ఎస్సై ఏదో అనబోయాడు. అంతలో ఉబుకుతున్న నీళ్ళలోంచి ఎర్రగా ఏదో పైకి తన్నుకొచ్చి, ఆయన బూటుకు తగిలి ఆగింది. బెండు.

ఎస్సై వంగి దాన్ని తీసుకున్నాడు, పిడికిట్లో పట్టి చూశాడు, కట్ట మీద నిలబడ్డ కానిస్టేబులుకు వినబడేలా అరిచాడు. "జీపు పల్లెలోకి పోనివ్వు. హారను ఆపకు. ప్రతి ఇంటి తలుపూ కొట్టు, ఒక్కళ్ళు మిగలకూడదు, అందరినీ మెరక మీదికి ఎక్కించు." తర్వాత మామయ్య వైపు తిరిగాడు. "ఇప్పుడేం చెయ్యాలి మామయ్యా?"

"తూము పూర్తిగా ఎత్తాలి. కాలవలోకి నీళ్ళు పోయేకొద్దీ కట్ట మీద బరువు తగ్గుతుంది. కానీ ఆర్డరు లేదు."

"నేనిస్తున్నాను. ఎత్తండి."

"మీరివ్వకూడదు బాబూ, మీది వేరే డిపార్టుమెంటు."

"అయితే నన్ను నేనే అరెస్టు చేసుకుంటాను, పదండి."

మళ్ళీ కట్ట ఎక్కేసరికి వలలత్తకు ఊపిరి అందడం లేదు. అయినా వంతెన మీదికి అందరికంటే ముందు ఆమే చేరింది. "కోడలు అక్కడే ఉంది అన్నయ్యగారూ. పిల్ల కూడా," అంది, అది ఆయనకు తెలియదన్నట్టు.

మామయ్య తూము షట్టరు ఎత్తే చక్రం పట్టుకుని తిప్పాడు. అది కదల్లేదు. ఇన్నాళ్ళుగా మూసి ఉన్న షట్టరు బిగుసుకుపోయింది. ఎస్సై టోపీ తీసి వంతెన మీద పడేసి అటువైపు పట్టుకున్నాడు. వదినగారు ఇటువైపు పట్టుకుంది.

"మీరు తప్పుకోండి చెల్లెమ్మా, చేతులు పోతాయి."

"మీ చేతులు పోయినా పరవాలేదా? జరగండి," అని వలలత్త ఆయన పక్కన చేతులు వేసింది.

నాలుగు జతల చేతులు ఒక్కసారి తోశాయి. చక్రం కిర్రుమంది. ఆగింది. మళ్ళీ తోశారు. పావు వంతు తిరిగింది. కిందెక్కడో నీళ్ళు దారి దొరికినట్టు హోరుమన్నాయి. పల్లె నుంచి జీపు హారను ఆగకుండా వినిపిస్తోంది.

అప్పుడు కట్ట వెనక మట్టి పెళ్ళగా జారిపడ్డ చప్పుడైంది. వంతెన వాళ్ళ కాళ్ళ కింద సన్నగా అదిరింది. వదినగారు తల తిప్పబోయింది.

"అటు చూడకండి," అన్నాడు మామయ్య. ఆయన చూపు చక్రం మీదే ఉంది. "ఎవరూ అటు చూడకండి. తిప్పండి."